నేను పోగొట్టిన చివరి అధ్యాయం

కొరాపుట్‌లో ఒక చిన్న ప్రెస్సులో నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. సీసపు అక్షరాలు ఏరి పేర్చడంతో మొదలుపెట్టాను, కంప్యూటరు ముందు కూర్చుని రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరకొచ్చి, మీ రోజుల్లో తప్పులు ఎలా పట్టుకునేవారని అడుగుతుంటారు. అచ్చుతప్పుల గురించి నేను పూటంతా చెప్పగలను. పెళ్ళికార్డులో వధువు పేరు బదులు ఆవిడ అక్క పేరు వేసిన ఘనుణ్ణి. కానీ మీకు చెప్పవలసిన తప్పు వేరే ఉంది. అది అక్షరాల్లో జరిగింది కాదు.

మా ప్రెస్సులో ముగ్గురమే. యజమాని ఒడియా ఆయన. మిషను నడిపే పెద్దాయన కూడా ఒడియావాడే, నాకంటే పదేళ్ళు పెద్ద. మూడోవాణ్ణి నేను. మా తాతగారు విజయనగరం వైపు నుంచి జయపురం ఎస్టేటు కచేరీలో గుమాస్తాగా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. అందువల్ల ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, సంతలో కొండజనం భాష దేసియా మాట్లాడుతూ పెరిగాను. ప్రెస్సుకి వచ్చేదంతా ఒడియా పనే: ప్రశ్నపత్రాలు, ఆఫీసు ఫారాలు, శుభలేఖలు. తెలుగు పని ఏడాదికి నాలుగైదు సార్లు వస్తే అదే ఎక్కువ. వస్తే అది నా బల్ల మీదికే వచ్చేది.

అలా ఒక రోజు రాయగడ నుంచి ఒక టీచరమ్మ వచ్చారు. అరవైకి దగ్గర పడిన మనిషి, తెల్ల చీర, చంకలో గుడ్డసంచి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం వాళ్ళది. ఒక ఆడపిల్లల హాస్టలు బడిలో చాలాకాలం పాఠాలు చెప్పారు. వానాకాలంలో పిల్లలు వారాల తరబడి బయటికి కదల్లేక దిగాలుగా కూర్చుంటే, వాళ్ళకి సాయంత్రం పూట ఒక కథ మొదలుపెట్టారట. తర్వాత ఏమైందని పిల్లలు అడగడం, ఆవిడ చెప్పడం, అలా ఏళ్ళు గడిచాయి. హాస్టలు విడిచి వెళ్ళిన పిల్లలు కూడా ఉత్తరాలు రాసి ఏమైందని అడుగుతుంటే, ఇంక పుస్తకంగా రాయక తప్పలేదన్నారు. మొదటి భాగం నోటుబుక్కులు నా బల్ల మీద పెట్టారు. అన్నీ పెన్సిలు రాతలే. మా కొండల తేమకి సిరా పాకిపోతుందని ఆవిడ భయం.

ఆ కథలో ఒక దేశం ఉంది. పేరు తొమ్మిదిమెట్ల సీమ. మన కొండ పొలాల్లాగే ఒక మెట్టు మీద ఒక మెట్టుగా తొమ్మిది మెట్లు, మెట్టుకొక కోట తలుపు. అన్నిటికంటే పైన ఊట ఉంటుంది. ఆ నీరు కిందికి దిగి అన్ని ఊళ్ళనీ పోషిస్తుంది. ఊటరాజు ఎవరికీ కనబడడు. బూడిదదొర అనే వాడొకడు ఆ సీమని పట్టుకోవాలని చూస్తుంటాడు. అయిదో తలుపు కాసేవాణ్ణి తలుపరి అంటారు. వాడు భయపడి ఒక రోజు తలుపు తీస్తాడు. అక్కడి నుంచి కింది మెట్లన్నిటికీ నీరు చేదెక్కిపోతుంది. అప్పుడు ఊటరాజు కొడుకు కావిడి భుజాన వేసుకుని, ఎవరికీ తెలియని కూలివాడిలా మెట్టు మెట్టూ దిగుతూ మంచినీళ్ళు మోస్తాడు. అట్టడుగు తలుపు దగ్గర జనమే అతన్ని చంపుతారు. మూడో భాగం చివర, అతను పడిన చోట నేల పగిలి, ఊట కింది నుంచి పైకి పొంగుతుంది. కావిడివాడు లేచి మళ్ళీ పైకి నడవడం మొదలుపెడతాడు.

నేను చర్చికి వెళ్ళేవాణ్ణి కాను. ఆ కథ వెనకాల ఏ కథ ఉందో నాకు తెలుసు, అయినా చదివేటప్పుడు అది గుర్తుండేది కాదు. మొదటి భాగం కంపోజు చేసినప్పుడు మామూలు పనిలాగే కొట్టాను. రెండో భాగం వచ్చేసరికి పొద్దున్నే ప్రెస్సుకి ఆత్రంగా వెళ్ళడం మొదలైంది. ఆ సీమలో ఏ మెట్టు మీద ఏ ఊరుందో నాకు నోటికి వచ్చేసింది. కొరాపుట్‌లో కొత్త వీధుల్లో మాత్రం ఇప్పటికీ తడుముకుంటాను.

మూడు భాగాలు మూడు క్రిస్మసులకి వచ్చాయి. నాలుగోది ఆఖరిది. నాలుగు నోటుబుక్కులు. ఇస్తూ ఆవిడ, "ఇదొక్కటే ప్రతి బాబూ, జాగ్రత్త" అన్నారు. మా దగ్గరుంటే మీ దగ్గరున్నట్టేనని నేను గొప్పగా చెప్పాను.

మూడు నోటుబుక్కులు కంపోజు చేశాను. నాలుగోదాన్ని తెరిచి చూడలేదు. ముందే చదివేస్తే రుచి పోతుందని, కొట్టుకుంటూ వరసలో చేరదామని ఆగాను. చేతికి అందేలా ఉండాలని బీరువాలో పెట్టకుండా బల్ల పక్కన తప్పులు దిద్దేసిన పాత ప్రూఫుల దొంతర మీద పెట్టాను. ఆ వారమే దసరాకి ప్రెస్సు గోడలకి సున్నం వేయించారు. పాత కాగితాలన్నీ కట్టలు కట్టింది నేను. పాత కాగితాలవాడి బండిలోకి వాటిని ఎత్తింది కూడా నేనే.

రెండు రోజుల తర్వాత మూడో నోటుబుక్కు ముగించి నాలుగోదాని కోసం చెయ్యి చాపాను. అక్కడ సున్నపు మరకలు తప్ప ఏమీ లేవు.

పాత కాగితాలవాడి ఇంటికి పరుగెత్తాను. రాత నోటుబుక్కులు పొట్లాలకి బాగుంటాయని వాటిని అప్పుడే ఒక వర్తకుడు టికిరి సంతకి తీసుకుపోయాడన్నాడు. సంతరోజు చూసుకుని రాయగడ రైలెక్కి టికిరిలో దిగాను. ఆ సంతలో ఎన్ని దుకాణాలుంటాయో చూసినవాళ్ళకి తెలుసు. పొగాకు, పసుపు, ఎండుచేపలు, ఏది కొన్నా కాగితంలో చుట్టి ఇస్తారు. వంగి వంగి ప్రతి దుకాణం ముందూ పొట్లాల కట్టలు చూసుకుంటూ తిరిగాను. కొందరు నన్ను తనిఖీకి వచ్చినవాడినని అనుకుని సరుకు వెనక్కి జరుపుకున్నారు.

మధ్యాహ్నం దాటాక ఎండుచేపలమ్మే ఒక ముసలమ్మ దగ్గర నాకా పెన్సిలు రాత కనబడింది. ఆవిడకి దేసియాలో సంగతి చెప్పాను. పొద్దుటి నుంచీ చాలా పొట్లాలు కట్టేశానని చెప్పి, మిగిలినవి తీసి ఇచ్చింది. ఆరు కాగితాలు. ఏడోది మాత్రం ఆవిడ పొట్లానికి వాడకుండా బుట్ట అడుగున దాచుకుంది. తొమ్మిదిమెట్ల సీమ పటం అది, టీచరమ్మ చేత్తో గీసింది. ఇది ఎవరి ఊరి కొండని ముసలమ్మ అడిగింది. ఒక టీచరమ్మ ఊరిదన్నాను. అయితే పట్టుకుపోయి ఆవిడకే ఇయ్యమంది.

ఆ ఆరు కాగితాలూ నోటుబుక్కు మధ్యలోవి. ముగింపు లేదు.

ప్రెస్సుకి వచ్చి ఇద్దరికీ చెప్పాను. మిషను పెద్దాయన తెలుగు చదవలేడు, అన్ని ఏళ్ళూ ఆ పుస్తకాలు అచ్చేసినా అందులో ఏముందో ఆయనకి తెలియదు. ఆయన ఒక్కటే అన్నాడు: రేపే వెళ్ళి చెప్పేద్దాం, నీకు భయమైతే నేనూ తోడొస్తాను. యజమాని మాత్రం, క్రిస్మసుకి పుస్తకం రావాలి కదా, హాస్టల్లో పిల్లలు ఎదురుచూస్తున్నారు కదా, ఆ దేశం గురించి ఆవిడ తర్వాత తెలిసినవాడివి నువ్వే కదా అన్నాడు. ఆ మాట నా చెవికి చాలా తియ్యగా తగిలింది. ఆయన మీద తప్పు తోయడానికి చెప్పడం లేదు. ఆయన ఒక మాట అన్నాడంతే, కూర్చుని రాసింది నేను.

పోయిన ముగింపు బదులు పన్నెండు పేజీలు రాశాను. కావిడివాడు పైకి వస్తూ అయిదో మెట్టు చేరతాడు. జనం తలుపరిని పట్టుకొచ్చి ముందు నిలబెడతారు. కావిడివాడు "ద్రోహీ" అంటాడు. జనం వాణ్ణి లోయలోకి తోసేస్తారు. నీరు మళ్ళీ తియ్యగా అవుతుంది. సిగ్గుపడుతూ చెబుతున్నాను, అది రాస్తున్నప్పుడు నాకు సంతోషంగా కూడా ఉంది.

డిసెంబరు మొదట్లో ప్రూఫులు పట్టుకుని రాయగడ వెళ్ళాను. వాళ్ళ వీధి మొదట్లో హాస్టలు పిల్లలు నలుగురు ఎదురై, నా చేతిలో కట్ట చూసి గుర్తుపట్టారు. "తలుపరి ఏటవుతాడండి?" అని ఒక అమ్మాయి అడిగింది. పుస్తకం వచ్చాక చూడమన్నాను.

టీచరమ్మ తన వదినగారితో కలిసి ఉండేవారు. ఆ వదినగారికి ఈమధ్య మతిమరుపు ఎక్కువైంది. నాకు టీ ఇచ్చి, లోపలికెళ్ళి, మళ్ళీ వచ్చి టీ తాగుతావా బాబూ అని అడిగారు. టీచరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని లోపల కూర్చోబెట్టి వచ్చి, ఎర్ర పెన్ను తీసుకుని వరండాలో ప్రూఫులు చదవడం మొదలుపెట్టారు. నోటుబుక్కులు ఏవని అడిగితే ప్రెస్సులో మర్చిపోయానని చెప్పాను. మొదటి అబద్ధం అది. చాలా తేలిగ్గా వచ్చింది.

చివరి పేజీల దగ్గర ఆవిడ పెన్ను ఆగింది. వెనక్కి రెండు పేజీలు తిప్పి మళ్ళీ చదివారు.

"ఇది నేను రాయలేదు బాబూ."

"మీరు రాసిందేనండి. ఉన్నది ఉన్నట్టు కొట్టేను."

"నా కావిడివాడు ఎవర్నీ ద్రోహీ అని పిలవడు. మూడు పుస్తకాల్లో ఎక్కడైనా పిలిచేడా, నువ్వే సెప్పు."

"లేదండి."

"మరి ఇక్కడెందుకు పిలిచేడు?"

చెప్పడానికి అదే సమయం. తలుపు తెరిచే ఉంది. కానీ నేను, "మీరే రాసేరమ్మా. మీ పెన్సిలు రాత నాకు బాగా గుర్తు" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. లోపలి గది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు.

"వదినకీ ఇలాగే మొదలైంది. తను వండిన కూర తను వండలేదనీది. మేం నవ్వీవోళ్ళం." కళ్ళజోడు కొంగుతో తుడిచారు. "పిల్లల పేర్లన్నీ గుర్తున్నాయి. బైబిలు వాక్యాలు గుర్తున్నాయి. ఇదెలాగ మర్చిపోయేనో. సోమవారం డాక్టరు దగ్గరికెళ్తాను."

తర్వాత ప్రతి పేజీ కిందా ఆమోదానికి పెట్టే పొడి సంతకం, నేను రాసిన పన్నెండు పేజీల కింద కూడా వరసగా పెట్టారు. ప్రూఫులు తీసుకుని, నమస్కారం పెట్టి బయటపడ్డాను.

స్టేషనుకి వచ్చి కొరాపుట్ రైలెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. ఒళ్ళో కట్ట విప్పి ఆ సంతకాలు చూశాను. పని పూర్తయింది, ఇంక ఎవరికీ ఏమీ తెలియదు. ఎదురుగా కూర్చున్నాయన ఎక్కడిదాకా అని అడిగితే కట్ట మళ్ళీ కట్టేశాను. రైలు ఇంకా కదలకముందే దిగిపోయాను. నేనేదో ధైర్యం చేశానని మీరు అనుకోవద్దు. ఆవిడ సోమవారం డాక్టరు ముందు కూర్చుని, నేను రాసింది నేను మర్చిపోయానండీ అని చెబుతున్నట్టు కళ్ళకి కట్టింది. దానితో అంత దూరం ప్రయాణం చేయలేకపోయాను, అంతే.

నేను తిరిగి వెళ్ళేసరికి ఆవిడ పెరట్లో కప్పులు కడుగుతున్నారు. ఏటి మర్చిపోయేవని అడిగారు. కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడే అంతా చెప్పాను. సున్నం, పాత కాగితాల బండి, టికిరి సంత, ఆరు కాగితాలు, పన్నెండు పేజీలు, రైలు దిగి రావడం. ఆవిడ కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, గట్టు మీద కూర్చున్నారు.

"అయితే నా తలకాయ బాగానే ఉందా?"

"బాగానే ఉందండి."

కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. నేను సంచిలోంచి ఆరు కాగితాలూ పటమూ తీసి గట్టు మీద పెట్టాను. ఎండుచేపల వాసన ఇంకా పోలేదు. ఆవిడ వాటిని ముట్టుకోలేదు.

"పుస్తకం పోయిందంటే ఓ పూట ఏడ్చి ఊరుకుందును. కాయితాలే కదా" అన్నారు చివరికి. "నన్ను నేను నమ్ముకోకుండా సేసేవు. అది ఏ సంతలో వెతుకుతావు?"

నేను గట్టు అంచున ఉన్న పటాన్ని కొంచెం లోపలికి జరిపాను.

"వెళ్ళు బాబూ. నీతో ఇప్పుడు మాట్లాడలేను. ఆ అచ్చుకాయితాలు ఇక్కడుంచెయ్యి."

క్రిస్మసుకి పుస్తకం రాలేదు. యజమాని వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. పాపం, ఆయనకీ సిగ్గుగానే ఉండి ఉంటుంది. మిషను పెద్దాయన మధ్యాహ్నం అన్నం తినే వేళకి తన గిన్నె నా బల్ల మీదికి తెచ్చుకుని ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టాడు. అంతకుముందు మిషను దగ్గరే తినేవాడు. ఆ పిల్లలు నలుగురూ ఆ క్రిస్మసుకి ఏమనుకున్నారో అన్నది మాత్రం నన్ను బాగా తినేసింది. వాళ్ళకి టీచరమ్మ ఏం చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.

మార్చిలో, వాళ్ళకి ఈస్టరు ముందరి ఉపవాస దినాలు జరుగుతుండగా, ప్రెస్సుకి ఫోను చేసి నన్ను రమ్మన్నారు. వెళ్ళాను. వరండాలో అదే కుర్చీ. ఒళ్ళో కొత్త నోటుబుక్కు, బల్ల మీద నేను వదిలేసిన ప్రూఫులు. కూర్చోమన్నారు. ఈసారి కూర్చున్నాను.

"నువ్వు రాసినది పారీలేదు. ఇన్నాళ్ళూ దగ్గరెట్టుకుని సదివేను" అన్నారు. "ద్రోహీ అనడం ఒక్కటే నీది. ఆణ్ణి లోయలోకి తోసీడం నేనూ రాసేను. పోయిన నోటుబుక్కులో అదే ఉంది."

ఆవిడ నిదానంగా చెప్పుకొచ్చారు. రాసినప్పుడు అది న్యాయంగానే కనిపించిందట. అంత చేటు చేసినవాడికి అంతకన్నా ఏముంటుందనుకున్నారట. నా అక్షరాల్లో, పరాయి రాతలా చదివాక గాని తెలియలేదట: జనమంతా అరుస్తూ ఒక మనిషిని తోసేస్తుంటే కావిడివాడు పక్కన నిలబడి చూస్తున్నాడు.

"అప్పుడు ఆడు కావిడివాడు కాడు, మనలాటోడే. నువ్వు రైలు దిగి రాకపోతే అదే అచ్చయిపోయీది" అన్నారు.

కొత్త అధ్యాయం తనే చదివి వినిపించారు. అయిదో మెట్టు మీద జనం రాళ్ళు పట్టుకుని తలుపరి గుడిసె చుట్టూ నిలబడి ఉంటారు. కావిడివాడు వస్తాడు. వాళ్ళ మధ్య నుంచి నడిచి, గుడిసె గుమ్మంలో కావిడి దింపి కూర్చుని, దాహంగా ఉంది, కాసిని నీళ్ళు ఇమ్మంటాడు. తలుపరి కుండలో ఉన్నవి తన వల్ల చేదెక్కిన నీళ్ళే. వేరే లేవు. వాడు అవే ముంచి ఇస్తాడు. కావిడివాడు చుక్క మిగల్చకుండా తాగుతాడు. తాగి, వాళ్ళమ్మ చిన్నప్పుడు పిలిచిన పేరుతో వాణ్ణి పిలుస్తాడు. తలుపు వేసుకునే వేళయింది, రా, అంటాడు. ఇద్దరూ కలిసి అయిదో తలుపు మూయడానికి వెళతారు. రాళ్ళు పట్టుకున్నవాళ్ళు ఏం చేశారో ఆవిడ రాయలేదు.

చదవడం అయ్యాక నేను కళ్ళు తుడుచుకుంటుంటే ఆవిడ నా వైపు చూసి, "నిన్ను క్షమించేనని అనుకోకు. ఆ సంగతి నేనింకా ప్రభువుతో తేల్చుకుంటన్నాను. కథ మాత్రం సరయింది" అన్నారు.

నోటుబుక్కు ఇవ్వబోతే నేను చెయ్యి చాపలేదు. ముందు జెరాక్సు తీయిద్దామండి, ఆ తర్వాతే ఇవ్వండి అన్నాను. ఆవిడ చెప్పులు వేసుకున్నారు. వదినగారిని పక్కింటివాళ్ళకి అప్పగించి ఇద్దరం నడుచుకుంటూ బజారుకి వెళ్ళాం. పెన్సిలు రాత కనుక దుకాణంవాడు ఒక్కో పేజీకి మిషను ముదురుగా తిప్పవలసి వచ్చింది. ఆవిడ పేజీ పట్టుకుని అందించడం, నేను తిప్పి పెట్టడం. మొత్తం అయ్యేసరికి గంట పట్టింది.

అయిపోయాక నేను వేడివేడి నకలు కాగితాలు సర్దుకుని, నోటుబుక్కు ఆవిడకి ఇవ్వబోయాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, నా చేతిలోంచి నకలు తీసేసుకున్నారు.

"ఇది నాకు సాలు. అసల్ది నువ్వు పట్టుకెళ్ళు."

కొరాపుట్ రైల్లో ఆ రోజు కూర్చోవడానికి చోటు లేదు. సొరంగాలు దాటుతూ కొండెక్కే ఆ దారి పొడుగునా నిలబడే వచ్చాను. ఒక చెయ్యి పైన కడ్డీ మీద, ఒక చెయ్యి నోటుబుక్కు మీద.